విలువ పడిపోయే నాణేలను ఎవరైనా ఎందుకు పోగేస్తారు? ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ మీద ఒక మిర్చి వ్యాపారి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, ఆ సిరీస్ చూడనివాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు బీకాం రెండో ఏడు. ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ అనే జపాన్ యానిమే చూస్తున్నారు. మొదటి కథలో ట్రెన్నీ అనే వెండి నాణెం విలువ పడిపోబోతోందని తెలిసి కూడా మెడియో అనే పెద్ద కంపెనీ వాటినే పోగేస్తుంది. అందులో లాభం ఎక్కడుందన్నది మీ మొదటి ప్రశ్న. అంత తెలివైన కథానాయకుడు లారెన్స్ రెండో కథలో ఒక్క బేరంతో దివాలా అంచుకు ఎలా వెళ్లాడన్నది రెండోది. ఇందులో చూపించే వ్యాపారం నిజంగా జరిగేదేనా, కథ కోసం అల్లిందా అన్నది మూడోది. ఏ సిరీస్ ముందు చూడాలని చివర్లో అడిగారు.

సూటి జవాబు ముందే ఇస్తాను. ఆ కంపెనీ నాణేలను బజారులో మార్చుకోవడానికి కొనలేదు, రాజుకు అమ్మడానికి కొంది. బజారులో ఉన్నవాళ్లకు అది విలువ తగ్గిపోయే డబ్బు. రాజుకు అది ముడిసరుకు. ఈ తేడా పట్టుకుంటే మొదటి కథ మొత్తం విడిపోతుంది. లారెన్స్ మునగడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు, అప్పుతో రెట్టింపు సరుకు ఎత్తడం. ఇక మూడోదానికి, చాలావరకు నిజమే అంటాను. ఎక్కడ నిజం కాదో కూడా చెబుతాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో 26 ఏళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. 2024లో మా అమ్మాయి ఈ సిరీస్ చూస్తుంటే టీ తాగుతూ పక్కన కూర్చున్నాను. బొమ్మల సినిమా అనుకున్నవాణ్ని, పావుగంటలో టీ చల్లారిపోయింది. ఆ బండి మీద కూర్చుని ఊరూరూ తిరిగే కుర్రవాడు లెక్క వేసే పద్ధతి నాకు తెలిసిన పద్ధతే. ఆ తర్వాత 2008 నాటి పాత సిరీస్, 2009 నాటి రెండో భాగం వెతుక్కుని చూశాను.

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. క్రాఫ్ట్ లారెన్స్ పాతికేళ్ల సంచార వర్తకుడు. పాస్లో అనే పల్లెలో గోధుమ కోతల పండుగ నాడు అతని బండిలో హోలో ప్రత్యక్షమవుతుంది. ఆమె తోడేలు దేవత, వందల ఏళ్లుగా ఆ ఊరి పంటను కాపాడింది. ఊరు ఆమెను మరిచిపోయింది. ఉత్తరాన ఉన్న తన సొంతచోటు యోయిట్స్‌కు తీసుకెళ్లమని అడుగుతుంది. ఇద్దరూ కలిసి బండిలో బయలుదేరతారు, దారి పొడుగునా బేరాలు. ఇసునా హాసెకురా రాసిన నవలలు దీనికి మూలం, 2006 నుంచి వచ్చాయి. కథ జరిగేది కల్పిత దేశంలోనే అయినా, చర్చి పెత్తనం, వర్తక సంఘాలు, ఊరి గేటు దగ్గర సుంకాలు అన్నీ మధ్యయుగాల యూరప్ నుంచి వచ్చినవే.

ఇప్పుడు నాణేల లెక్క. ఈ అంకెలు నావి, అర్థం కావడానికి. పాత నాణెంలో పదింట తొమ్మిది పాళ్లు వెండి ఉందనుకోండి. రాజు దాన్ని ఏడున్నర పాళ్లకు తగ్గించాలనుకున్నాడు. వెయ్యి పాత నాణేలు కరిగిస్తే వచ్చే వెండితో 1,200 కొత్త నాణేలు పోయవచ్చు. నాణెం మీద బొమ్మ అదే, పేరు అదే. జనం కొత్తదాన్ని పాతదాని లెక్కలోనే తీసుకున్నంత కాలం రాజుకు ఆ 200 ఊరికే మిగిలినట్టే. ఖజానా ఖాళీ అయిన రాజుకు ఇంతకంటే తేలిక దారి లేదు.

అయితే రాజే నేరుగా పాత నాణేలు వెనక్కి తీసుకోవచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. కొనడానికి చేతిలో డబ్బే ఉంటే వెండి తగ్గించే గతి పట్టదు. దండోరా వేయించి తెమ్మంటే విషయం బయటపడుతుంది. తెల్లారేసరికి ప్రతి ఇంట్లో పాత నాణెం కుండలో చేరి నేల కిందకు పోతుంది. అందుకని గుట్టుగా, ఎవరికీ అనుమానం రాకుండా పాత నాణేలు పోగేసి పెట్టేవాడు రాజుకు కావాలి. పోగేసినవాడు వాటిని ముందు పెట్టి బేరమాడతాడు. రాజు దగ్గర రొక్కం లేదు కాబట్టి ఇంకో రకంగా కడతాడు. ఫలానా సరుకు మీద సుంకం మాఫీ, ఫలానా వర్తకం మీ ఒక్కరికే అని రాసిస్తాడు. నాణెం లాభం ఒక్కసారి వచ్చి పోతుంది. హక్కు పత్రం ఏటేటా కాసే చెట్టు. మెడియో కంపెనీ కన్ను దాని మీదే. నాణెం విలువ పడినందువల్ల వాళ్లకు పోయేది ఆ హక్కు ముందు లెక్కలోకి రాదు.

మరి జెరెన్ అనే కుర్ర వర్తకుడు ‘ఆ నాణెంలో వెండి పెరగబోతోంది’ అని లారెన్స్‌కు తిరగేసి ఎందుకు చెప్పాడు? ఇది చాలామందికి అందదు. ఒకే కంపెనీ సంచులకొద్దీ నాణేలు కొంటే ఊరంతా పసిగడుతుంది. పదిమంది చిన్న వర్తకులు లాభం వస్తుందని తలో కొంచెం దాచుకుంటే ఎవరూ పట్టించుకోరు. తర్వాత విలువ పడిందన్న వార్త రాగానే ఆ పదిమందీ కంగారుగా వదిలించుకుంటారు. అప్పుడు ఏరుకోవడం సులువు. మోసపోయామని పదిమందిలో చెప్పుకోవడానికి వర్తకుడికి సిగ్గు, కాబట్టి గోల కూడా ఉండదు. లారెన్స్‌కు తీగ దొరికింది జెరెన్ పెట్టిన షరతులో. లాభం వస్తే తనకు వాటా, నష్టం వస్తే సమాచారానికి తీసుకున్న సొమ్ము వరకే వెనక్కి. అంటే ఏది జరిగినా జెరెన్‌కు పోయేది ఏమీ లేదు. యార్డులో నేను కుర్రవాళ్లకు మొదట చెప్పేది ఇదే. ఎవరైనా గట్టి సమాచారం తెచ్చినప్పుడు, అది తప్పయితే ఆయనకు ఎంత పోతుందో చూడండి. ఏమీ పోదంటే, ఆయన మీకు అమ్ముతున్న సరుకు ఇంకేదో.

హోలో నాణేలను మోగించి, చెవితో తేడా పట్టేసే సీను ఉంది కదా, డబ్బు మార్చే వైజ్ కొట్టులో. అది చూసి నేను కదిలిపోయాను. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, తెనాలిలో వెండి కొట్టు నడిపేవారు. నా చిన్నతనంలో వేసవి సెలవులకు వెళ్తే నన్ను కళ్లు మూసుకోమని, నల్లరాతి మీద రెండు రూపాయలు ఒకదాని తర్వాత ఒకటి జారవిడిచేవారు. ‘ఏది పాతదిరా?’ అని అడిగేవారు. పాత రూపాయి సన్నగా, పొడుగ్గా మోగేది. 1940 తర్వాతది టక్కున ఆగిపోయేది. మూడు రోజుల్లో నాకు వచ్చేసింది.

ఎందుకా తేడా? ఇది మీ సిలబస్‌లో కూడా ఉండాల్సిన సంగతి. బ్రిటిష్ కాలం వెండి రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, వెండికి కటకట వచ్చింది. 1940లో వెండిని నాణెంలో సగం పాలుకు తగ్గించారు. లెక్క వేయండి, 6 పాత రూపాయల వెండితో 11 కొత్త రూపాయలు. పాతవాటిని ప్రభుత్వం చెలామణి నుంచి తప్పిస్తూ వచ్చింది. జనం మాత్రం పాతవి దాచుకున్నారు, కొత్తవి ఖర్చు పెట్టారు. మా తాతయ్య కొట్టుకు ఆ దాచిన రూపాయలు నలభై ఏళ్ల తర్వాత కూడా వస్తూనే ఉండేవి, పట్టీలు చేయించుకోవడానికి. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. ట్రెన్నీ నాణెం కథ మన తాతల చేతుల్లోనే జరిగింది.

యూరప్‌లో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ. 1544 నుంచి 1551 వరకు, ఆయన కాలంలోనూ కొడుకు కాలంలోనూ, వెండి నాణేల్లో రాగి పెంచుకుంటూ పోయారు. 92.5 శాతం ఉండే వెండి చివరికి 25 శాతానికి దిగింది. నాణెం మీద రాజు బొమ్మ ఎదురుగా చూస్తున్నట్టు ఉండేది. ఎత్తుగా ఉన్న ముక్కు దగ్గర వెండి పూత ముందు అరిగి ఎర్రగా రాగి బయటపడేది. జనం ఆయనకు ‘రాగిముక్కు’ అని పేరు పెట్టుకున్నారు. హెన్రీ కంటే రెండు వందల ఏళ్ల ముందే ఫ్రాన్సులో నికోల్ ఒరెమ్ అనే మతాచార్యుడు, నాణెం రాజు సొత్తు కాదు, దాన్ని వాడుకునే జనం సొత్తు అని ఒక గ్రంథమే రాశాడు. నాణెం చెడగొట్టడం అంత మామూలు వ్యవహారంగా ఉండేది అప్పట్లో.

ఇక్కడే సిరీస్‌కు ఒక మినహాయింపు ఇవ్వాలి. వెండి కాస్తే తగ్గితే కంటికి, గీటురాయికి తెలియకపోవడం నిజమే. గీటురాయి బంగారానికి పనికొచ్చినంత బాగా వెండికి పనికిరాదు. కానీ కాల్చి చూసే పద్ధతి మధ్యయుగాల్లోనే ఉంది. ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో నాణెం ముక్కను సీసంతో కలిపి కాలిస్తే రాగి, సీసం గిన్నెలోకి ఇంకిపోతాయి. వెండి బొట్టు ఒక్కటే మిగులుతుంది. దాన్ని తూస్తే నాణెంలో వెండి పాలు ఎంతో తేలిపోతుంది. లారెన్స్ చేతులు కలిపిన మిలోనే లాంటి పెద్ద కంపెనీకి ఆ పని చేయించడం కష్టం కాదు. కథలో హోలో చెవి ఆ పనిని ఒక్క నిమిషంలో చేసేసింది. దేవత కాబట్టి సరే.

రెండో ప్రశ్నకు వస్తాను. దీని మీద నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను దాటి వచ్చిన దారి అది.

పొరోసన్ ఊళ్లో లారెన్స్ మిరియాలు అమ్ముతాడు. త్రాసు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. హోలో గమనించి నీళ్లు ఒలికిస్తే అవి బల్ల మీద ఒక వైపుకు పారతాయి. బల్లే వాలుగా ఉంది, దాంతో ముల్లు తప్పు చూపిస్తోంది. మా నాన్న నన్ను యార్డుకు తీసుకెళ్లిన మొదటి వారంలో నేర్పింది అదే. కాటా చూడకు, కాటా కింద నేల చూడు అనేవాడు. ప్లాట్‌ఫారం కాటాకు చిన్న గాజు కన్ను ఉంటుంది, అందులో నీటి బుడగ మధ్యలో ఉండాలి. ఒకసారి ఊరి బయట ఒక గోడౌన్‌లో నా సరుకు తూస్తుంటే ప్రతి టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, అరకిలో తక్కువ వస్తోంది. కాటాకు ముద్ర ఉంది, పత్రం ఉంది, అన్నీ సక్రమమే. బుడగ మాత్రం ఒక మూలకు పోయి కూర్చుంది. కాటా ఒక కాలు కింద గచ్చు కుంగి ఉంది. కావాలని చేశారో లేదో ఇప్పటికీ చెప్పలేను. సరిచేయించి మొదటి నుంచి తూయించాను.

లారెన్స్ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వాళ్ల తప్పు పట్టుకున్న ఊపులో, గుట్టు బయటపెట్టకుండా ఉండటానికి బదులుగా తన సొమ్ముకు రెట్టింపు విలువైన కవచాలు అరువు మీద ఎత్తాడు. రువిన్‌హైగెన్ ఊరికి తీసుకెళ్తే అమ్ముడుపోతాయని లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. ఏటా అక్కడి నుంచి ఉత్తరాన అన్యమతస్థుల మీదికి దండు వెళ్తుంది, కవచాలకు గిరాకీ ఉంటుంది. ఆ ఏడు దండయాత్ర ఆగిపోయింది. కవచాల ధర అడుగంటింది. దానికి తోడు అతని అప్పు పత్రం చేతులు మారి, రువిన్‌హైగెన్‌లో తనలాగే కవచాలతో మునిగిన ఇంకో కంపెనీ చేతికి చేరింది. వాళ్లు గడువు ఎందుకు ఇస్తారు? వాళ్లే బతకడానికి కొట్టుకుంటున్నారు. (14వ శతాబ్దంలో ట్యుటానిక్ యోధులు లిథువేనియా మీదికి ఏటేటా చేసిన దండయాత్రలకు పడమటి దేశాల నుంచి జమీందార్లు వచ్చి చేరేవారు. ఈ కథకు మూలం అలాంటిదే అనుకుంటాను.)

మీరు బీకాం కాబట్టి దీన్ని అంకెల్లో చూడండి. మీ సొంత సొమ్ము 100, అప్పు 100, సరుకు 200. ధర 10 శాతం పడితే సరుకు 180. అప్పు 100 అలాగే ఉంది, మీది 80. అంటే పడింది 10 శాతం, మీకు పోయింది 20 శాతం. ధర సగానికి పడితే మీది సున్నా. సగం కంటే కిందకు పడితే, జీవితంలో ఇంకా సంపాదించని డబ్బు కూడా పోయినట్టు. సొంత సొమ్ముతోనే కొన్నవాడు ధర సగానికి పడినా 50తో ఇంటికి వెళ్తాడు, ఏడుస్తాడు, వచ్చే ఏడు మళ్లీ వస్తాడు.

2016లో క్వింటా 12,000 రూపాయల దరిదాపుల్లో ఆడిన మిర్చి 2017 ఏప్రిల్ నాటికి 5,000 లోపుకు పడిపోయింది. ముందు ఏడు ధర చూసి రైతులంతా మిర్చే వేశారు, సరుకు వరదలా వచ్చింది. యార్డు నిండిపోయి టిక్కీలు రోడ్డు మీద పెట్టుకుని రైతులు పడిగాపులు కాశారు. ఆ ఫిబ్రవరిలో, ధర ఇంకా మధ్యలో ఉండగా, ఇంతకంటే పడదులే అని నేను కొని ఏసీలో పెట్టాను. ఏసీ అంటే మా దగ్గర శీతల గిడ్డంగి. ఆ సరుకు బాండ్ల మీద బ్యాంకు అప్పు తీసుకుని మళ్లీ కొన్నాను. మార్చి చివరి వారంలో బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. సరుకు విలువ పడింది కాబట్టి తేడా సొమ్ము కట్టమన్నారు. వాళ్లు మాట్లాడింది చాలా మర్యాదగా. నాకు మాత్రం చెవిలో హోరు తప్ప ఏమీ వినపడలేదు.

ఆ తర్వాతి నాలుగు రోజులు లారెన్స్ చేసిన పనే నేను చేశాను. తెలిసిన ప్రతి గడపా తొక్కాను. సిరీస్‌లో ఆ భాగం ఉంది కదా, లారెన్స్ ఊళ్లోని వర్తకుల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తాడు, పక్కన హోలో ఉంటుంది. అప్పు అడగడానికి వచ్చినవాడు ఒక అమ్మాయిని వెంటేసుకుని తిరుగుతున్నాడా అని ముఖం మీదే తలుపులు వేస్తారు. కోపంలో అతను ఆమె చెయ్యి విదిలించేస్తాడు. ఆమె ముఖం చూసి వెంటనే కుంగిపోతాడు. ఆ సీను రాసినవాడికి అప్పు అడగడం అంటే ఏమిటో తెలుసు. అప్పు ఇచ్చేవాడు మీ లెక్కల పుస్తకం ఆఖరున చూస్తాడు. ముందు మీ చొక్కా చూస్తాడు, గొంతు వణుకుతోందా చూస్తాడు, ఎవరితో వచ్చారో చూస్తాడు. మునుగుతున్నాడన్న వాసన వస్తే స్నేహితుడు కూడా రెండడుగులు వెనక్కి వేస్తాడు. అది దుర్మార్గం కాదు, ఆయనకూ కట్టాల్సిన బాకీలు ఉంటాయి. నాకు మా బావమరిది పొలం కాగితాలు తెచ్చి ఇచ్చాడు. అవి లేకపోతే నేనూ ఐపీ పెట్టి దివాలా తీసేవాణ్నే. ఆ బాకీ తీరడానికి నాలుగేళ్లు పట్టింది.

అందుకే లారెన్స్ తెలివితక్కువవాడని అనకండి. సరుకు సరైనదే, ఊరు సరైనదే, ధర సరైనదే. రెట్టింపు ఎత్తడం ఒక్కటే తప్పు. అది కూడా అంతకుముందు బేరంలో గెలిచిన ఊపులో చేశాడు. గెలిచిన రోజు సాయంత్రం పెద్ద బేరం చేయకూడదని మా నాన్న అనేవాడు, నేను వినలేదు. ఆ తర్వాత అతను నోరా అనే గొర్రెల కాపరితో కలిసి గొర్రెల కడుపులో బంగారం దాచి ఊళ్లోకి తెచ్చే దొంగ వ్యాపారానికి దిగడం కూడా అతిశయోక్తి కాదు. బాకీ గడువు ముందు నిలబడినవాడికి నిన్నటి దాకా అసహ్యంగా కనిపించిన పని ఇవాళ పనిలా కనిపిస్తుంది. నేను చూశాను.

మూడో కథ గురించి మీరు అడగలేదు గానీ, అక్కడికి వెళ్లే ముందు ఒక్కటి తెలుసుకోండి. కుమెర్సన్ సంతలో పైరైట్ అనే రాయి ధర గంటగంటకూ పెరుగుతుంది. మెరుస్తుంది, చూడటానికి బంగారంలా ఉంటుంది, విలువ లేదు. అదృష్టం తెస్తుందని, రోగాలు పోతాయని పుకారు. హోలోను పెళ్లాడాలని పట్టుదలతో ఉన్న అమాతి అనే కుర్ర చేపల వర్తకుడికి, లారెన్స్ తన దగ్గర ఇంకా లేని పైరైట్‌ను అమ్ముతాడు. ఇవాళ్టి ధరకు సొమ్ము ఇప్పుడే, సరుకు రేపు సాయంత్రం. రేపటికి ధర పడితే లారెన్స్ చవకగా కొని అప్పజెబుతాడు, తేడా అతనిది. పెరిగితే మునుగుతాడు. షేర్ల భాషలో షార్ట్ అంటారే, అదే. మన రాష్ట్రంలో ఈము పక్షుల పెంపకం గుర్తుందా? మాంసం తినేవాడు లేడు, నూనె కొనేవాడు లేడు, పిల్లల జత కొనేవాడు మాత్రం ఉన్నాడు. ఎందుకంటే వాడు ఇంకొకడికి పిల్లలు అమ్మాలి. 2012 ప్రాంతంలో ఆ గొలుసు తెగింది. పైరైట్ కూడా అంతే. వాడుకునేవాడు ఎవరూ కనపడని సరుకు ధర పెరుగుతుంటే, కొనేవాళ్లందరూ అమ్మడానికే కొంటున్నారని అర్థం.

ఇక నిజమా కాదా అన్న మూడో ప్రశ్నలో మిగిలినవి. నాకు బాగా నచ్చినవి చిన్న చిన్న విషయాలు. లారెన్స్ కొండ ఊరికి ఉప్పు తీసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో బొచ్చు తోళ్లు వేసుకొస్తాడు. బండి ఎప్పుడూ ఖాళీగా రాకూడదు. మన లారీ ఓనర్లు రిటర్న్ లోడు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది అందుకే. ఒకప్పుడు లంబాడీలు ఎద్దుల మీద మన కోస్తా నుంచి ఉప్పు మోసుకెళ్లి, దక్కను నుంచి ధాన్యం తెచ్చింది కూడా ఆ లెక్కతోనే. తోళ్ల సంచిలో ఆపిల్ పండ్లు పెట్టి, వాటి వాసన పట్టించి హోలో ధర పెంచుతుంది చూశారా? అది పండ్ల వాసన అని కొనేవాడికీ తెలుసు, అయినా ముక్కుకు నచ్చింది కాబట్టి ఒప్పుకుంటాడు. తేజ రకం మిర్చి టిక్కీ విప్పగానే వచ్చే ఘాటు, ఆ ఎరుపు చూసి కొనుగోలుదారు చెయ్యి పైకి వేయడం నేను రోజూ చూస్తాను.

2009 భాగంలో లెనోస్ ఊరు తోళ్లను రొక్కానికి మాత్రమే అమ్మాలని, అరువు కుదరదని నియమం పెడుతుంది. దూరం నుంచి వచ్చిన వర్తకుల దగ్గర పత్రాలు ఉంటాయి గానీ సంచులకొద్దీ నాణేలు ఉండవు. దాంతో ఊరి తోళ్లు ఊళ్లోనే ఉంటాయి. ఒక్క వాక్యంతో మార్కెట్‌ను మూసేశారు. నిజమైన మధ్యయుగపు ఊళ్లు ఇలాంటివి ఎన్నో చేశాయి. జర్మనీలోని కొలోన్ నగరం 1259లో సంపాదించిన హక్కు ప్రకారం రైన్ నది మీద వెళ్లే వర్తకుడు అక్కడ ఆగి, మూడు రోజులు తన సరుకు ఊరివాళ్లకు అమ్మకానికి పెట్టాలి. ఆ తర్వాతే ముందుకు కదలాలి.

సిరీస్ తేలిగ్గా వదిలేసినవీ ఉన్నాయి. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి గట్టిగా నిషేధించిన కాలమది. వర్తకులు వడ్డీని మారకపు ధరలో, జరిమానాలో దాచి రాసుకునేవారు. ఆ చిక్కు ఇందులో పెద్దగా లేదు. అబద్ధాన్ని హోలో గొంతులోనే పట్టేస్తుంది కాబట్టి, ఎదుటివాడు నిజం చెబుతున్నాడా అని రాత్రంతా దొర్లే బాధ లారెన్స్‌కు సగం తప్పింది. మనకు ఆ సౌకర్యం లేదు. పరీక్షకు ఇది పనికొస్తుందా అంటే, నిర్వచనాలకు రాదు. గ్రెషమ్ సూత్రం (మంచి నాణెం దాగిపోయి, చెడ్డది చెలామణిలో మిగలడం), పరపతి, ఫ్యూచర్స్ అని పుస్తకంలో చదివినవి ఒక మనిషి కడుపులో ఎలా తిప్పుతాయో తెలుసుకోవడానికి వస్తుంది.

ఏది ముందు చూడాలి అన్నది మీరు చివర్లో అడిగారు. 2024లో వచ్చిన 25 భాగాలది ముందు చూడండి, మూల నవల దారిలోనే నడుస్తుంది. 2008 దాంట్లో మొదటి కథలో క్లోయీ అనే అమ్మాయి పాత్ర ఉంది, నవలలో ఆ చోట ఉన్నది యారే అనే మగవాడు. కలిపి చూస్తే గందరగోళంగా ఉంటుంది. రెండింటిలోనూ హోలోకు గొంతు ఇచ్చింది అమీ కోషిమిజు, లారెన్స్‌కు జున్ ఫుకుయామా, అందుకని ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లినా పరాయిగా ఉండదు. లెనోస్ తోళ్ల కథ కోసం 2009 భాగం తప్పకుండా చూడండి.

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చూడండి. ప్రతి కథలోనూ లారెన్స్ దగ్గర ఎంత ఉంది, ఎవరికి ఎంత బాకీ, ఎప్పటికి కట్టాలి అని మూడు గీతలు గీసి రాసుకోండి. మా అమ్మాయి, నేను అలాగే చూశాం. మొదటిసారి అర్థం కాకపోతే, జెరెన్ మొదట మాట్లాడిన రాత్రికి వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి. జెరెన్ ఏం చెబుతున్నాడో వదిలేసి, లారెన్స్ ఏమేం అడిగాడో రాసుకోండి. అక్కడ ఇంకా ఏదైనా అందకపోతే ఇక్కడే అడగండి, యార్డు కాటాలు అయిపోయాక సాయంత్రం చూసి రాస్తాను.